డోర్నకల్లు తల్లుల సంఘము

ఇంటిపని వేఱుగా నేర్వవలసిన విద్యయా యని కొందఱు శ్రోతలు శంకింతురు. చరిత్రను జూడుడు.

1876లో ఇంగ్లండున మేరీ సమ్నరు స్థాపించిన తల్లుల సంఘము వివాహమును, శిశుపోషణమును, గృహజీవనమును బోధ్యవిషయములుగా గొన్నది. నాడు ఓరుగల్లు జిల్లాలోను, నేడు మహబూబాబాదు జిల్లాలోను జేరిన డోర్నకల్లునకు, 1912లో అజరయ్య తొలి భారతీయ ఆంగ్లికను బిషప్పయ్యెను. ఆయన భార్య అంబు మరియమ్మాళ్ ఆ మండలమున స్త్రీల నడుమ ఈ సంఘపు పనిని నడపిరి.

అచ్చటి క్రైస్తవ కుటుంబములలో పెక్కు పరుల పొలములలో కూలికి బోవునవి. పొద్దంతయు నాట్లువేసి వచ్చిన తల్లికి శుభ్రతను బోధించుట సులభము. ఆమెకు నీరును, తీరికయు నెవరిత్తురు? ఇవి లేని గృహవిద్య నిందయే యగునని నా తలంపు. అయినను, లోకము కూలిగా మాత్రమే యెఱిగిన స్త్రీని తల్లిగా, గృహిణిగా గౌరవించి పిలిచి కూర్చుండబెట్టుట యా సంఘము చేసిన మేలు.