శ్మశాన వస్త్రము – శ్వేత వస్త్రము

మన సభలలో తరచుగా ఒక ప్రశ్న వినవస్తున్నది. తథాగతుడు పారవేసిన గుడ్డలను కుట్టి ధరింపజేయగా, బాబాసాహెబ్ మన స్త్రీలను అగ్రవర్ణాల స్త్రీల వలె చీర కట్టుకొమ్మని ఎందుకు బోధించారు? ఈ రెండింటికీ పొంతన లేదని కొందరి భావన. వస్త్రచరిత్రను కొంత పరిశీలించిన మాకు అట్లు తోచలేదు.

వినయపిటకంలోని మహావగ్గంలో చీవరాలకు ఒక అధ్యాయమే ఉన్నది. మంచు కురిసే హేమంత రాత్రి బుద్ధుడు ఒకే వస్త్రంతో ఆరుబయట కూర్చున్నాడు. తొలిజాము గడిచేసరికి చలివేసి రెండవది, నడిజాము గడిచేసరికి మూడవది, వేకువన నాల్గవది కప్పుకున్నాడు. ఆ అనుభవంతోనే రెండు పొరల సంఘాటి, ఒంటిపొర ఉత్తరాసంగం, అంతరవాసకం అనే త్రిచీవరాలను భిక్షువులకు అనుమతించాడు. లెక్క శాస్త్రం నుండి రాలేదు, చలి నుండి వచ్చింది. మగధలోని వరిమళ్ల గట్లను చూపి, ఆ తీరున చీవరం కుట్టగలవా అని ఆనందుని అడిగినదీ ఆ అధ్యాయంలోనే. ముక్కలుగా కోసిన గుడ్డ శ్రమణులకు తగినది, పరులు ఆశపడనిది. చలి, ఎండ, గాలి, దోమలు, పాముల నుండి రక్షణ, మానసంరక్షణ — చీవరానికి చెప్పిన ప్రయోజనాలు ఇంతే.

గుడ్డ విలువ వారికి తెలియనిది కాదు. కౌశాంబిలో ఉదయన మహారాజు అంతఃపుర స్త్రీలు ఐదువందల వస్త్రాలను ఆనందునికి దానమిచ్చారు. ఇన్ని ఏం చేస్తారని రాజు నిలదీశాడు. చినిగిన చీవరాలు గల భిక్షువులకు పంచుతామన్నాడు ఆనందుడు. పాతవి పక్కబట్టలవుతాయి, తరువాత పరుపు గలీబులు, నేలపరపులు, కాళ్లు తుడుచుకొనే గుడ్డలు, దుమ్ము దులిపే గుడ్డలు; చివరకు ముక్కలు చేసి బురదతో కలిపి నేల అలుకుతారు. రాజు సంతోషించి మరో ఐదువందలు ఇచ్చాడట! మన గృహిణులు ఈ కథను మెచ్చుకుంటారని మా నమ్మకం.

గృహస్థుల సంగతి వేరు. అమరావతి శిల్పాలలో బుద్ధుడు ఎడమ భుజం మీదుగా జారే ఒక్క వస్త్రంతో నిలువగా, చుట్టూ ఉన్న స్త్రీ పురుషులు కంకణాలతో, కుండలాలతో, తలపాగాలతో కనిపిస్తారు. ఆ స్తూపానికి పూర్ణఘట ఫలకాన్ని సమర్పించినవారిలో విధికుడనే చర్మకారుడున్నాడు. ఆయన దానమూ ఆ స్తూపానికి అలంకారమే అయింది.

ఇక మనుస్మృతి పదవ అధ్యాయం చూడండి. చండాలులు శవాలపై వస్త్రాలే కట్టాలి, పగిలిన పాత్రలలో తినాలి, ఇనుప నగలే పెట్టుకోవాలి. శ్మశానంలోని గుడ్డనే పాంశుకూలికుడైన భిక్షువూ ధరించాడు. కాని రాజకుమారుడైనా, క్షురకుడైన ఉపాలి అయినా దానిని తానే ఎన్నుకున్నాడు. మనువు చేతిలో అదే గుడ్డ మనిషిని దూరం నుండే గుర్తుపట్టే ముద్ర అయింది.

ఆ ముద్ర పాతకాలంతో పోలేదు. ఇండోర్ సంస్థానపు గ్రామాలలో బలాయీలకు సవర్ణులు విధించిన ఆంక్షలను 1928 జనవరిలో పత్రికలు ప్రకటించగా, అంబేడ్కర్ తమ ‘కులనిర్మూలన’లో వాటిని ఉదహరించారు. పురుషులు జరీ అంచు తలపాగా చుట్టరాదు, రంగు అంచు ధోవతి కట్టరాదు. స్త్రీలు వెండి బంగారాలు పెట్టరాదు. కాదన్నవారికి ఊరిబావి నీరు కరవైంది.

దానికి కొద్దిదినాల ముందే, 1927 డిసెంబరులో, మహాడ్‌లో బాబాసాహెబ్ స్త్రీలతో మాట్లాడారు. మీ చీరకట్టే మీ అస్పృశ్యతను చాటుతున్నది, దానిని మార్చండి. మెడనిండా వెండి పేరులు, మోచేతుల దాకా కడియాలు వదలండి. గుడ్డ చినిగినా శుభ్రంగా ఉండాలి అన్నది ఆ హితవు సారం. ఇది విలాస బోధ కాదు. చీవరమూ ఈ హితవూ ఒకే పని చేశాయి: పుట్టుకను వస్త్రంపై చదివే కంటికి చదవడానికేమీ మిగల్చలేదు.

పాళీ గ్రంథాలు ఉపాసకులను తెల్లని వస్త్రాలు ధరించిన గృహస్థులుగా పేర్కొంటాయి. 1956 అక్టోబరు 14న నాగపూరులో బాబాసాహెబ్ తెల్లని పట్టుధోవతి, తెల్లకోటు ధరించి దీక్ష స్వీకరించారు. ఎదుట లక్షలాది జనం. తెల్లచీరలు కట్టిన స్త్రీలు, తెల్లచొక్కాలు తొడిగిన పురుషులు ఆ మైదానమంతా నిండి ఉన్నారు.