బాకా: దాని లోహము, దాని మెరుగు

కర్నూలు నుండి నంద్యాలకు పోవు బాటలో ఓర్వకల్లు వద్ద పెద్ద పెద్ద రాతిగుట్టలు దారికి కాపలా కాస్తున్నట్లు నిలిచి ఉన్నవి. ఆ మండలంలోనే కేతవరం కొండచరియల మీద చరిత్రకు పూర్వపు మానవుడు గీసిన రంగుబొమ్మలు గలవు. అదే మండలంలోని కాల్వ గ్రామం నుండి గని గ్రామం వైపు భూమిలో పొడవైన పగులు ఒకటి సాగిపోతున్నది. భూగర్భ శాస్త్రజ్ఞులు దీనిని గని–కాల్వ భ్రంశం అంటారు. గని అన్న ఊరి పేరే అక్కడి పూర్వచరిత్రను చెప్తున్నది. రాగి ఖనిజం కొరకు పూర్వులు తవ్విన గుంతలు ఆ ప్రాంతంలో నేటికీ ఉన్నవి. కడప జిల్లా జంగంరాజుపల్లె వైపున సీసము, తుత్తునాగము గల ఖనిజం ఉన్నది. రాగి, తుత్తునాగము కలిస్తే ఇత్తడి. పెండ్లి ఊరేగింపులో బ్యాండువారు ఊదే బాకా ఆ ఇత్తడితో చేసినదే.

జాతరలలో ఊదే కొమ్ముబూరకు మొదట జంతువు కొమ్మే ఆధారం. తర్వాత రాగిరేకుతో, ఇత్తడిరేకుతో చేయసాగినా పేరు మాత్రం కొమ్ము అనే నిలిచిపోయింది. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన సి.పి. బ్రౌను 1852లో అచ్చువేసిన నిఘంటువులో బాకా అన్న మాటకు చోటిచ్చినాడు. ఒకరిని మితిమీరి పొగిడేవారిని చూచి ‘బాకా ఊదుతున్నాడు’ అని నేడు మనం వాడే నుడికారానికి కారణం దాని గొంతు బలమే. ఆ బలం ఎక్కడనుండి వస్తున్నది? లోహం నుండియా, ఆకారం నుండియా? కొత్తగా బాకా కొనదలచినవాడు అంగడిలో ఎదుర్కొనే ప్రశ్న కూడా ఇదే. బాకా చివర ఉమ్మెత్తపువ్వువలె విచ్చుకొన్న భాగాన్ని ఇక్కడ గరాటు అని పిలుచుకొందాము. ఆ గరాటు పసుపు ఇత్తడిదైతే ఒక వెల, ఎర్ర ఇత్తడిదైతే మరొక వెల. పైన వెండి పూత ఉంటే ఇంకొక వెల. ముహూర్తాల నెలల్లో సంపాదించినది ఆషాఢంలో తిని, మిగిలినదానికి అప్పు కలిపి వాద్యం కొనే కళాకారునికి ఈ వెలల తేడా చిన్న విషయం కాదు.

లోహాన్ని ఎంచుకోవడంలోని తికమక చాలా పాతది. ఈజిప్టు రాజు టుటంఖామెన్ సమాధిని 1922లో హోవర్డ్ కార్టర్ కనుగొన్నాడు. ఆ సమాధిలో రెండు బాకాలు దొరికినవి. సుమారు 58 సెంటీమీటర్ల పొడవు గలది వెండిది. 50 సెంటీమీటర్లకు దగ్గరగా ఉన్నది రాగి మిశ్రలోహంతో చేసినది. మూడువేల ఏండ్లు దాటిన ఈ రెండింటినీ 1939లో ఊదించి రేడియోలో ప్రపంచానికి వినిపించినారు. అప్పటి రాజులు వెండిని ఎన్నుకొన్నది నాదం కొరకో, హోదా కొరకో నిర్ణయించడం కష్టం. హోదా కొరకే అని అనుమానించడానికి అవకాశం ఎక్కువ.

ఇత్తడి చరిత్రలో మన దేశానికి విశిష్ట స్థానమున్నది. రాగి 1085 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరుగుతుంది. తుత్తునాగము 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది. అందుచేత ఖనిజాన్ని కొలిమిలో వేసి కాల్చితే ఆ లోహం చేతికి చిక్కక గాలిలో కలిసిపోతుంది. ఐరోపావారు చాలాకాలం తుత్తునాగపు ఖనిజాన్ని, బొగ్గును, రాగిని మూసలో కలిపి కాల్చి, ఆ ఆవిరి రాగిలోనికి ఇంకేటట్లు చేసి ఇత్తడి తీసేవారు. ఈ పద్ధతిలో తుత్తునాగం సుమారు నూటికి 30 పాళ్ళకు మించి చేరదు. రాజస్థానంలోని జావర్ పనివారు మాత్రం మూసను తలక్రిందులుగా అమర్చి, ఆవిరిని క్రిందికి దింపి చల్లార్చి, శుద్ధమైన లోహాన్ని బట్టీపట్టే విద్యను ఐరోపాకు కొన్ని శతాబ్దాల ముందే సాధించినారు. ఇంగ్లండులో విలియం ఛాంపియన్ ఇట్టి పద్ధతికి హక్కుపత్రం పొందినది 1738లో.

జర్మనీలోని న్యూరెంబర్గు పట్టణం 16వ శతాబ్దం నుండి బాకాల తయారీకి పేరుపొందింది. అక్కడి పనివారు పలుచని ఇత్తడిరేకును కత్తిరించి, అంచులు కలిపి అతికి, దిమ్మ మీద సుత్తితో కొట్టి గరాటును తీర్చేవారు. మన కంచరివారికి ఈ పని మర్మం తెలియనిది కాదు. బిందెను కొట్టేకొద్దీ రేకు బిరుసెక్కుతుంది, ఎర్రగా కాల్చితే మెత్తబడుతుంది, మళ్ళీ కొట్టాలి. నూటికి 22 పాళ్ళ తగరం గల కంచును చల్లగా ఉన్నప్పుడు ఇట్లా సాగగొట్టబోతే పగిలిపోతుంది. అందుకే కంచు గంటకు సరిపోయింది, బాకాకు ఇత్తడి సరిపోయింది. ఇత్తడి సాగుతుంది, అతుకు పడుతుంది, వెండికంటె చవక. బాకాకు ఇత్తడి స్థిరపడడానికి నాదంకంటె ఈ మూడు గుణాలే ముఖ్యకారణమని చెప్పవచ్చును.

పందొమ్మిదవ శతాబ్దం బాకాను రెండు విధాల మార్చింది. 1818లో స్టోల్జెల్, బ్లూమెల్ అనేవారు బెర్లినులో కవాటాలకు హక్కుపత్రం తీసుకొన్నారు. వేలితో నొక్కగానే గొట్టం పొడవు మారి, అన్ని స్వరాలూ పలికే వీలు కలిగింది. 1840లో ఎల్కింగ్టన్ కుటుంబంవారు విద్యుత్తుతో వెండి పూత పూసే పద్ధతికి ఇంగ్లండులో హక్కు పొందినారు. దానితో వెండి మెరుపు సామాన్యులకూ అందుబాటులోకి వచ్చింది. సైనిక బ్యాండులతోపాటు ఈ వాద్యాలు మన దేశంలోని దండు పట్టణాలకు చేరి, అక్కడినుండి పెండ్లి ఊరేగింపులకు దిగినవి. మీరట్టులో 1885లో నెలకొన్న నాదిర్ అలీ కంపెనీ, అక్కడి జాలీ కోఠీ ప్రాంతపు పనివారు దేశమంతటికీ బ్యాండు వాద్యాలు చేసి పంపసాగినారు.

ఇత్తడి బలహీనత కూడా సైన్యం వల్లనే బయటపడింది. వానకాలంలో గుర్రపుసాలలలో దాచిన తుపాకీ తూటాల ఇత్తడి గొట్టాలు తమంతట తామే పగిలిపోవడం మన దేశంలోని బ్రిటిషు సైన్యాన్ని చాలాకాలం కలవరపెట్టింది. గుర్రాల మూత్రం నుండి వెలువడే అమ్మోనియా, తేమ, కొట్టి సాగదీసినప్పుడు లోహంలో మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిసి పగులు పుట్టిస్తున్నవని 1921లో తేలింది. తూటా గొట్టంలోనూ, మామూలు బాకా గరాటులోనూ ఉండేది ఒకే ఇత్తడి. నూటికి 70 పాళ్ళు రాగి, 30 తుత్తునాగము. కావున వాద్యాన్ని పశువుల కొట్టంలో వ్రేలాడదీయరాదు.

ఇక నాదం సంగతి. బాకాలో మ్రోగేది ప్రధానంగా గాలి. పెదవుల అదురు గాలిస్తంభాన్ని కదిలిస్తుంది. గరాటు వంపు ఏ స్వరాలను లోపలికి తిప్పిపంపాలో, ఏ స్వరాలను బయటికి వదలాలో నిర్ణయిస్తుంది. గోడ కదలిక దీనితో పోల్చితే అత్యల్పం. అయినా 1909లో అమెరికా శాస్త్రజ్ఞుడు డేటన్ మిల్లర్ రెండు గోడల పలుచని ఆర్గాను గొట్టం చేసి, గోడల మధ్య నీరు పోసేకొద్దీ నాదం మారుతున్నదని చూపినాడు. లోహవాదులకు ఇది గొప్ప ఆధారమయింది. 1971లో కోల్ట్‌మన్ లోపలి కొలతలు ఒకటిగా ఉండే మూడు వేణువులను వెండితో, రాగితో, కొయ్యతో చేసి చాటున ఊదించగా, విన్నవారు ఏది ఏదో చెప్పలేకపోయినారు. 1986లో రిచర్డు స్మిత్ ప్రకటించిన ప్రయోగంలో, ఆకారం ఒకటే అయి మందం వేరైన ట్రాంబోను గరాటులను కండ్లకు గంతలు కట్టి ఊదించినారు. ఆరితేరిన వాద్యకారులే తేడా పట్టలేకపోయినారు. వాదం అంతటితో ముగియలేదు. 2010లో కౌసెల్, జీట్లో, మూర్ అనేవారు బాకా గరాటు అదరకుండా చుట్టూ ఇసుక కూరి కొలిచి, కొద్ది డెసిబెళ్ళ మేరకు తేడా ఉన్నదని నిరూపించినారు. అంటే గోడ ప్రభావం పూర్తిగా శూన్యం కాదు. కాని గరాటు వంపులో వచ్చే మార్పుల ముందు అది చిన్నది.

అంగడిలో పసుపు ఇత్తడి, 85 పాళ్ళ రాగి గల బంగారు ఇత్తడి, 90 పాళ్ళ రాగి గల ఎర్ర ఇత్తడి వరుసగా పెట్టి, రాగి పెరిగేకొద్దీ నాదం మెత్తనవుతుందని చెప్తారు. ఎర్ర ఇత్తడి చెమటకు ఎక్కువ ఓర్చుకొంటుందన్నమాట నిజం. తుత్తునాగం హెచ్చుగా ఉన్న ఇత్తడినుండి ఉమ్మి, చెమటల వల్ల తుత్తునాగం కరిగిపోయి, ఎర్రని మచ్చలు, చివరకు చిల్లులు పడతాయి. అందుచేత రాగి ఎక్కువగల లోహం నోటిదగ్గరి గొట్టానికి ఉంటే ఖర్చు సార్థకం. జర్మన్ సిల్వర్ అన్నదానిలో వెండి రవ్వంతైనా లేదు. రాగి, తుత్తునాగము, నికెలు మాత్రమే ఉన్నవి. పేరు విని డబ్బు పోయరాదు.

పూతలలో వెండి పూత కొద్ది మైక్రాన్ల మందం. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. లాకరు అనే పారదర్శకమైన వార్నీషు దానికి ఎన్నో రెట్లు మందం. గరాటు రేకు సుమారు అర మిల్లీమీటరు. ఈ పూతలు నాదానికి చేసే మేలు, కీడు వినికిడికి అందేవి కావు. వాటి అసలు పని కాపుదల. వెండి గంధకంతో కలిసి నల్లబడుతుంది గాని తుడిస్తే తిరిగి మెరుస్తుంది. లాకరు తుడవనక్కరలేదు గాని, ఎడమచేయి పట్టుకొనేచోట చెమటకు పొరలుగా లేస్తుంది. దాని మీద చింతపండు, బూడిద పెట్టి తోమితే మెరుగుకు బదులు గీతలు మిగులుతాయి. పూత లేని బాకాను మాత్రం బిందెవలె తోముకోవచ్చును. రాయలసీమ పొడిగాలిలో అది కోస్తాలోకంటె నిదానంగా మాసిపోతుంది.

మే నెల ఊరేగింపుకు ఇంకొక చిక్కు ఉన్నది. 20 డిగ్రీల వద్ద గాలిలో ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు. 42 డిగ్రీల వద్ద 356 మీటర్లు. ఊపిరి వెచ్చదనం గొట్టంలో ముందే ఉండడంచేత తేడా కొంత తగ్గినా, శ్రుతి పైకి పోకుండా మానదు. శ్రుతి సరిచేసే జారుడుగొట్టం సులువుగా బయటికి రాకపోతే ఆ బాకా వెండిదైనా నిరుపయోగమే. కొనేవాడు ఒక కవాటపు జారుడుగొట్టాన్ని, ఆ కవాటం నొక్కకుండా, బయటికి లాగి కొంతసేపు ఆగి, అప్పుడు కవాటం నొక్కి చూడవలెను. టప్పున శబ్దం వస్తే లోపల గాలి నిలిచినదన్నమాట. శబ్దం రాకపోతే కవాటం అరిగి గాలి కారుతున్నది.