పున్నమి ఎవరిది?

శ్రీలంకలో ప్రతి పున్నమీ సెలవు దినమే. దాన్ని 'పోయ' అంటారు. డిసెంబరులో వచ్చే ఉందువప్ పోయ ఒక స్త్రీ జ్ఞాపకంగా జరుగుతుంది. ఆమె అశోకుని కూతురు సంఘమిత్త. క్రీ.పూ. 3వ శతాబ్దంలో బోధివృక్షపు కొమ్మతో ఆమె అనురాధపురం చేరిందని మహావంశం చెబుతుంది. జనం నోట ఆమె ఆ కొమ్మ తెచ్చిన మనిషిగానే మిగిలిపోయింది. కానీ ఆమె రాకకు కారణం వేరు. రాజకుటుంబానికి చెందిన అనుల, ఆమెతో పాటు ఎందరో స్త్రీలు దీక్ష కోరారు. స్త్రీలకు దీక్ష ఇచ్చే అధికారం తనకు లేదన్నాడు మహిందుడు. అందుకు భిక్షుణి కావాలి. అంటే ఆ పున్నమి గుర్తుచేసేది ఆ దీవిలో స్త్రీల సంఘం మొదలవడాన్ని.

అయితే ఆ సంఘానికి ఇచ్చిన స్వేచ్ఛకు హద్దులున్నాయి. వినయపిటకంలోని ఎనిమిది గరుధర్మాల్లో ఒకటి ఉపోసథం గురించే. పక్షానికొకసారి ఆ రోజు ఎప్పుడో భిక్షుణులు భిక్షువుల్ని అడిగి తెలుసుకోవాలి. చంద్రుడు అందరికీ కనిపిస్తాడు, తిథి చెప్పే హక్కు మాత్రం మగవాళ్లది!

మన నేలమీదా ఈ చరిత్ర ఆనవాళ్లున్నాయి. క్రీ.శ. 3వ శతాబ్దంలో నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. సింహళ విహారంలో బోధివృక్షానికి మందిరమూ కట్టించింది. ఇవన్నీ తన పేరుతోనే శాసనంలో చెక్కించుకుంది.

బుక్కరాయసముద్రంలో మరో రకం జ్ఞాపకం ఉంది. 14వ శతాబ్దపు ఆ చెరువు పేరు రాజుది. కట్ట తెగినప్పుడు గండిలోకి నడిచి వెళ్లిందని చెప్పే ముసలమ్మ ఆ ఊరి కోడలు. కట్టమంచి రామలింగారెడ్డి 1899లో ఆమె మీద కావ్యం రాశాడు. ఊరు ఆమెను దేవతను చేసింది. సంఘమిత్తదీ త్యాగమే అంటాం, ముసలమ్మదీ త్యాగమే అంటాం. మొదటామె ఇల్లు విడిచి వెళ్లి మరికొందరికి తలుపు తెరిచింది. రెండో ఆమెను ఊరంతా బతకడానికి చావమన్నారు. ఆమె ఒప్పుకుందని కథ పదేపదే చెబుతుంది. ఒప్పుకోకపోతే ఏమయ్యేదో కథ చెప్పదు.

సంఘమిత్త మొదలుపెట్టిన పరంపర 11వ శతాబ్దం నాటికి తెగిపోయింది. 1998లో బోధగయలో సింహళ స్త్రీలు మళ్లీ భిక్షుణి దీక్ష తీసుకుంటే, సంఘ పెద్దల్లో చాలామంది ఒప్పుకోలేదు. కొమ్మ నాటిన చెట్టుకు పూజలు ఆగలేదు. దీక్ష ఇచ్చిన చేతికి వారసులు ఉండొచ్చా లేదా అన్న వాదన మాత్రం ఇంకా తేలలేదు.