టాబ్యులేషన్ అంటే ఏంటి? రైల్వే చార్టుకు, మన పలకకు ఉన్న లింక్ ఇదే!

సికింద్రాబాద్: పండక్కి ఊరెళ్దామని టికెట్ తీస్తే వెయిటింగ్ లిస్ట్ వచ్చింది. ఇక గంటగంటకూ ఫోన్‌లో పీఎన్ఆర్ స్టేటస్ చూడటమే పని! ఆ స్క్రీన్ మీద కనిపించే గడులే ఇంగ్లిష్‌లో 'టాబ్యులేషన్' అనే మాటకు చక్కటి ఉదాహరణ.

అర్థం ఏంటంటే..
చెల్లాచెదురుగా ఉన్న సమాచారాన్ని అడ్డు వరుసల్లో, నిలువు వరుసల్లో పేర్చడమే టాబ్యులేషన్. తెలుగులో పట్టిక వేయడం. జాబితా వేరు, పట్టిక వేరు. జాబితాలో పేర్లు ఒకదాని కింద ఒకటి ఉంటాయంతే. పట్టికలో మాత్రం ప్రతి పేరుకు ఎదురుగా వయసు, కోచ్, బెర్త్.. ఇలా ఏ గడిలో ఏముండాలో ముందే ఖరారవుతుంది.

మాట ఎక్కడిది?
లాటిన్‌లో 'టాబ్యులా' అంటే చెక్క పలక. రోమన్లు పలకకు మైనం పూసి, దాని మీద గీసి రాసేవారు. కాలక్రమంలో పలక పేరే దాని మీది రాతకూ వచ్చింది. టేబుల్, టాబ్లెట్ అన్నీ అందులోంచి పుట్టినవే. 'కాలమ్'కు మూలమైన లాటిన్ మాటకు స్తంభం అని అర్థం. 'చార్టు' మూలం 'కార్టా', అంటే పపైరస్ కాగితం.

మన దగ్గరా అంతే. బడి పిల్లల 'పలక' సంస్కృత ఫలకం నుంచి వచ్చింది. అసలు అర్థం చెక్కే! 'పట్టిక', భూమి 'పట్టా'.. రెండింటికీ మూలం 'పట్ట' అనే మాట. దానికీ రాసే పలక అనే అర్థం ఉంది.

సికింద్రాబాద్‌లోనే ఫస్ట్
రైల్వే సంస్థ 'క్రిస్' తయారుచేసిన 'కాన్సర్ట్' రిజర్వేషన్ సాఫ్ట్‌వేర్ మొదట అమల్లోకి వచ్చింది ఇక్కడే, 1994 సెప్టెంబర్‌లో. 1999లో దేశంలోని రిజర్వేషన్ కేంద్రాలన్నీ ఒకే నెట్‌వర్క్‌లోకి వచ్చాయి. ఏ ఊరి నుంచి బుక్ చేసినా మీ వివరాలు ఆ పట్టికలోకే వెళ్తాయి.

ఏ కాలమ్ చూడాలి?
చాలామంది పొరబడేది ఇక్కడే. 'బుకింగ్ స్టేటస్' అనేది టికెట్ తీసినప్పటి పరిస్థితి. అది మారదు. ఇప్పుడు బెర్త్ దొరికిందా లేదా అన్నది 'కరెంట్ స్టేటస్' గడిలోనే ఉంటుంది. చార్టు తయారయ్యాక కూడా ఆ పీఎన్ఆర్‌లో అందరూ వెయిటింగ్‌లోనే ఉంటే ఈ-టికెట్ దానంతట అదే రద్దవుతుంది. అందుకే స్టేషన్‌కు బయల్దేరే ముందు చూడాల్సింది ఆ రెండో గడినే!