దమస్కు నగరంలో ఒక వైద్య మద్రసా: గురుశిష్యులకు దక్కిన గౌరవాలు

హిజ్రీ 622 (క్రీ.శ. 1225)లో దమస్కు నగరానికి చెందిన ఒక వైద్యుడు దూరప్రయాణానికి సిద్ధమవుతూ తన ఇంటిని వక్ఫ్ చేశారు. బంగారుపనివారి పాతబజారుకు చేరువలో ఉన్న ఆ ఇల్లు తన అనంతరం వైద్యం బోధించే మద్రసా కావాలన్నది ఆయన సంకల్పం. ఇంటి మరమ్మతులకూ, బోధించే గురువు జీతానికీ, చదువుకునే విద్యార్థుల భృతికీ తన భూముల రాబడిని కేటాయించారు. తన తరువాత ఆ పీఠంపై ఎవరు కూర్చోవాలో కూడా చెప్పిపోయారు. ఆయన అసలు పేరు ముహజ్జబుద్దీన్ అబ్దుర్రహీమ్ బిన్ అలీ. చరిత్రలో ‘దఖ్వార్’గా ప్రసిద్ధులు. ఆయన ఇల్లు దఖ్వారియా మద్రసా అయింది.

ఆనాటి దమస్కులో మద్రసాలకు కొదవ లేదు. కాని అవన్నీ దాదాపుగా ఫిఖ్‌హు, హదీసు, ఖుర్ఆన్ విద్యల కోసం స్థాపించబడినవి. వైద్యవిద్య సాధారణంగా ఆసుపత్రి అరుగు మీదనో, గురువు ఇంట్లోనో సాగేది. నూరుద్దీన్ జంగీ (రహ్మలై) క్రీ.శ. 1154లో కట్టించిన నూరీ బీమారిస్తాన్ ఇందుకు పెట్టింది పేరు. అక్కడి తొలి ప్రధాన వైద్యుడు అబుల్ మజ్ద్ బిన్ అబిల్ హకమ్ ఉదయం రోగులను చూచి, మందులూ పథ్యాలూ వ్రాయించి, తరువాత పెద్ద ఐవాన్‌లో కూర్చుండేవారు. నూరుద్దీన్ దానం చేసిన వైద్యగ్రంథాలు అక్కడ ఉండేవి. శిష్యులూ తోటి వైద్యులూ చుట్టూ చేరగా మూడు గంటలపాటు చర్చ సాగేది. ఆ భవనం నేటికీ నిలిచి ఉంది. 1978 నుండి అది అరబ్బు వైద్య, విజ్ఞానశాస్త్రాల చరిత్రకు సంబంధించిన ప్రదర్శనశాల.

నేటి వైద్యకళాశాలలు వార్షికోత్సవాలు జరిపి, పేరు తెచ్చుకున్న పూర్వవిద్యార్థులనూ ఆచార్యులనూ వేదికపైకి పిలిచి, శాలువ కప్పి, పతకం చేతికిస్తాయి. అటువంటి సభలు ఆనాడు లేవు. కాని వైద్యుని గౌరవించే పద్ధతులు లేకపోలేదు. సుల్తాను ఖిల్‌అత్ ఇచ్చేవాడు. మన తెలుగునాట ‘ఖిల్లతు’గా స్థిరపడిన మాట ఇదే, ‘ఒంటిమీది నుండి తీసి ఇచ్చినది’ అని దాని మూలార్థం. అంటే రాజు తొడిగిన వస్త్రం సేవకునికి దక్కడం. దానికి పైమెట్టు రయీసుల్ అతిబ్బా, అనగా వైద్యులందరికీ అధిపతి అనే పదవి. ఇవి రెండూ దర్బారు ఇచ్చే గౌరవాలు. శిష్యుడు గురువుకిచ్చే గౌరవం మరొక తీరుది. దానికి దుస్తులూ అక్కరలేదు, దీనారాలూ అక్కరలేదు; సిరాకలము చాలు.

దఖ్వార్‌కు ఈ రెండు తీరుల గౌరవమూ దక్కింది. ఆయన దమస్కులో ఒక నేత్రవైద్యుని కుమారుడు. సోదరుడు కూడా నేత్రవైద్యుడే. తాను కూడా నూరీ ఆసుపత్రిలో కళ్ళకు మందువేసే పనితోనే జీవితం ప్రారంభించారు. రజియుద్దీన్ రహబీ వద్ద, సలాహుద్దీన్ అయ్యూబీ ఆస్థానవైద్యుడైన ఇబ్నుల్ మత్రాన్ వద్ద చదివారు. ఇబ్ను సీనా వ్రాసిన ‘ఖానూన్’ను ఫఖ్రుద్దీన్ మార్దీనీ వద్ద పఠించారు. తన చేతివ్రాతతో నూరు సంపుటాలకు పైగా ప్రతులు వ్రాసుకున్నారని శిష్యుని సాక్ష్యం.

ఆయన ఆత్మగౌరవాన్ని తెలిపే ఒక సంఘటన గమనింపదగినది. సలాహుద్దీన్ సోదరుడైన సుల్తాన్ ఆదిల్ సైన్యంలో అబ్దుల్ అజీజ్ అనే వైద్యుడు ఉండేవాడు. ఆయనకు తోడుగా మరొకరు కావాలని సుల్తాను కోరగా, మంత్రి సఫీయుద్దీన్ దఖ్వార్ పేరు చెప్పి నెలకు ముప్పై దీనారాలు ఇస్తామన్నాడు. అబ్దుల్ అజీజ్‌కు నూరు దీనారాలు ముడుతున్నాయనీ, విద్యలో తన స్థానమేమిటో తనకు తెలుసుననీ, అంతకు తగ్గితే చేరననీ దఖ్వార్ జవాబిచ్చారు. మంత్రి మాటను తోసిపుచ్చడం చిన్న సాహసం కాదు. హిజ్రీ 604లో అబ్దుల్ అజీజ్ కడుపుశూలతో మరణించాడు. ఆ నూరు దీనారాల స్థానమే దఖ్వార్‌ను వెదుక్కుంటూ వచ్చింది. ఇందులో ధనాశను మాత్రమే చూచేవారు ఉండవచ్చు. కాని అదే మనిషి తరువాతి కాలంలో ఇల్లూ భూములూ విద్యార్థులకు వ్రాసి ఇచ్చారన్న విషయం మరువరాదు. ఆయన పట్టుబట్టింది సొమ్ము కోసం కంటే విలువ కోసమనుకోవడం న్యాయం.

ఆ తరువాత సుల్తానులకు జబ్బు చేసి నయమైనప్పుడల్లా వేల దీనారాలు, విలువైన వస్త్రాలు, కంచరగాడిదలు ఆయన ఇల్లు చేరాయి. ఈజిప్టు, షామ్ దేశాల వైద్యులందరిపై అధిపత్యం లభించింది. క్రీ.శ. 1218లో ఆదిల్ మరణించాక, ఆయన కుమారుడు ముఅజ్జమ్ జీతం ఏర్పాటుచేసి దమస్కులోనే ఉండి నూరీ ఆసుపత్రికి వెళ్ళమన్నాడు. దఖ్వార్ జీవితంలో మనకు ముఖ్యమైన ఘట్టం ఇక్కడే మొదలవుతుంది. ఆసుపత్రిలో ఆయనకు తోడు ఇమ్రాన్ అనే యూదు వైద్యుడు. ఒక ముస్లిమూ ఒక యూదుడూ ఒకే రోగి మంచం పక్కన నిలబడి లక్షణాలు చర్చిస్తుంటే, శిష్యులు చెవులు రిక్కించి వినేవారు. పని ముగిశాక ఇంటికి వచ్చి దఖ్వార్ పాఠం మొదలుపెట్టేవారు. శిష్యుడు గ్రంథం బిగ్గరగా చదవాలి, గురువు వివరించాలి. జౌహరీ ‘సిహాహ్’, ఇబ్ను ఫారిస్ ‘ముజ్మల్’, దీనవరీ రచించిన ఓషధుల గ్రంథం ఎప్పుడూ పక్కనే ఉండేవి. ఒక మాట దగ్గర సందేహం వస్తే నిఘంటువు తెరవనిదే ముందుకు సాగేవారు కాదు. మందు పేరులో ఒక అక్షరం తప్పితే ప్రాణాపాయమని ఎరిగిన గురువు కదా!

చివరి దశలో ఆయనకు నాలుక మొద్దుబారింది, మాట స్పష్టత కోల్పోయింది. అయినా పాఠం ఆగలేదు. శిష్యులు ఆయన ఎదుట చర్చించుకునేవారు. రెండు మూడు మాటలలో ఆయన జవాబిచ్చేవారు. అదీ అర్థం కాకపోతే పలక తెప్పించుకుని వ్రాసి చూపేవారు. హిజ్రీ 628 (క్రీ.శ. 1230)లో మరణించారు. ఆయన కోరిక ప్రకారమే, తన గురువు రహబీ కుమారుడైన షరఫుద్దీన్ అలీ ఆ మద్రసాలో బోధకుడయ్యాడు. గురుఋణం తీర్చుకోవడానికి దఖ్వార్ ఎంచుకున్న మార్గమిది. రజియుద్దీన్ రహబీ అప్పటికి ఇంకా సజీవులే. తొంభై ఏళ్ళు దాటిన ఆ వృద్ధుడు తన శిష్యుని ఇంట్లో తన కుమారుడు పాఠం చెప్పడాన్ని ఎరిగే కన్నుమూశారు.

శిష్యులలో బద్రుద్దీన్ ముజఫ్ఫర్ బాలబక్ నగర ఖాజీ కుమారుడు. వైద్యాధిపతి పదవిని పొంది, ఆ పదవిలో చేసిన మొదటి మంచిపనులలో ఒకటిగా నూరీ ఆసుపత్రిని ఆనుకుని ఉన్న ఇళ్ళను సొంత డబ్బుతో కొని, వాటిని ఆసుపత్రిలో కలిపి, ఇరుకైన గదులను విశాలం చేయించారు. దఖ్వారియాలో బోధించే అవకాశం కూడా ఆయనకు లభించింది. పదవి గౌరవమైతే, ఆ గౌరవాన్ని ఈయన ఇటుకలలోకి మార్చారు.

అయితే ఈ వివరాలన్నీ మనకు తెలిసింది మరొక శిష్యుని వలన. ఆయన ఇబ్ను అబీ ఉసైబిఅ. దమస్కులోనే నేత్రవైద్యుల కుటుంబంలో పుట్టి, నూరీ ఆసుపత్రిలో దఖ్వార్ వెంట తిరిగి, తరువాత సర్ఖద్ కోటలో వైద్యుడిగా స్థిరపడి, క్రీ.శ. 1270లో అక్కడే మరణించారు. ఆయన వ్రాసిన గ్రంథం పేరు ‘ఉయూనుల్ అంబా ఫీ తబఖాతిల్ అతిబ్బా’. దీనిని తెలుగు చేయడం సులభం కాదు. ‘ఉయూన్’ అంటే కళ్ళు, ఊటలు, మేలైనవి అని మూడర్థాలూ వస్తాయి. నేత్రవైద్యుని కుమారుడు ఆ మాటను ఎన్నుకోవడంలో కొంత చమత్కారం ఉందేమో. ‘వైద్యుల తరాలను గూర్చిన మేలైన సమాచారాలు’ అంటే సుమారుగా సరిపోతుంది. పదిహేను అధ్యాయాలు, నాలుగు వందలకు చేరువగా వైద్యుల చరిత్రలు. గ్రీకు జాలీనూస్ నుండి తన సహాధ్యాయుల వరకు అందరూ ఉన్నారు. పన్నెండవ అధ్యాయం పూర్తిగా హిందూదేశ వైద్యులదే. చరకుని పేరూ, సుశ్రుతుని పేరూ అందులో ఉన్నాయి. మతభేదం లేదు. యూదుడైన ఇమ్రాన్‌కు దక్కిన ఆదరమే ముస్లిములకూ దక్కింది. హదీసు పండితుల కోసం పుట్టిన తబఖాత్ ప్రక్రియను వైద్యులకు ఇంత విస్తారంగా వర్తింపజేసి, గురుపరంపరను ఇంత శ్రద్ధగా నమోదు చేసిన గ్రంథం అరబ్బీలో మరొకటి కానరాదు. ఏ సుల్తాను ఇచ్చిన ఖిల్‌అత్ అయినా చిరిగిపోయింది. ఈ గ్రంథంలో వ్రాయబడిన పేర్లు మాత్రం చెక్కుచెదరలేదు.

గ్రంథం చివరలో కనిపించే వారిలో అబుల్ ఫరజ్ ఇబ్నుల్ ఖుఫ్ ఒకరు. కరక్‌లో క్రీ.శ. 1233లో పుట్టిన క్రైస్తవుడు. ఆయన తండ్రి ఇబ్ను అబీ ఉసైబిఅకు సర్ఖద్‌లో మిత్రుడు. కుమారుని వైద్యం చెప్పమని తీసుకువచ్చి అప్పగించాడు. ఆ బాలుడు పెద్దవాడై శస్త్రచికిత్సపై ‘అల్ ఉమ్దా ఫిల్ జిరాహా’ రచించాడు. ఈ గ్రంథాన్ని రెండు సంపుటాలుగా అచ్చువేసింది మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫిల్ ఉస్మానియా. హిజ్రీ 1356 (క్రీ.శ. 1937)లో ఆ పని జరిగింది. ఈ సంస్థే 1955 నుండి అబూబక్ర్ రాజీ ‘హావీ’ని కూడా సంపుటాలుగా వెలువరించింది. ఆ విధంగా దఖ్వార్ ప్రశిష్యునికి మూసీ తీరాన గౌరవం దక్కింది.

ఇంతటి గ్రంథంలో ఒక ఖాళీ ఉంది. దఖ్వార్ వద్ద చదివిన వారిలో అలాఉద్దీన్ ఇబ్నున్నఫీస్ ఉన్నారని తరువాతి చరిత్రకారులు వ్రాశారు. గుండె కుడిభాగానికీ ఎడమభాగానికీ నడుమనున్న గోడలో కంటికి కనిపించని రంధ్రాలున్నాయనీ, రక్తం వాటిగుండా పోతుందనీ జాలీనూస్ చెప్పగా వెయ్యేళ్ళు అందరూ నమ్మారు. ఆ గోడ దళసరిదనీ, అందులో రంధ్రాలు లేవనీ, రక్తం ఊపిరితిత్తులకు వెళ్ళి అక్కడ గాలితో కలిసి ఎడమభాగానికి తిరిగి వస్తుందనీ మొదట వ్రాసినవారు ఇబ్నున్నఫీస్. ‘ఖానూన్’ శరీరనిర్మాణ భాగానికి క్రీ.శ. 1242 నాటికి వ్రాసిన వ్యాఖ్యానంలో ఆ మాట ఉంది. ఐరోపాలో సెర్వీటస్ ఇదే విషయం అచ్చువేసింది 1553లో. కాని ‘ఉయూనుల్ అంబా’ ప్రసిద్ధ ప్రతులలో ఇబ్నున్నఫీస్ పేరు లేదు. ఒక వ్రాతప్రతిలో ఆయన చరిత్ర కనిపిస్తున్నా, అది ఎవరో తరువాత చేర్చినదని పలువురు పరిశోధకుల అభిప్రాయం.

ఎందుకిలా జరిగింది? అసూయ అని కొందరన్నారు. ఇది తొందరపాటు. ఇమ్రాన్‌ను, ప్రత్యర్థులను, చిన్నవారిని మనసారా పొగిడిన కలానికి అసూయ అంటగట్టడానికి గట్టి ఆధారం కావాలి. వయసులో చిన్నవాడు కనుక వదిలివేశారనడం కూడా నిలవదు; ఇబ్నున్నఫీస్ కంటే ఇరవై ఏళ్ళ చిన్నవాడైన ఇబ్నుల్ ఖుఫ్ అందులో ఉన్నాడు. ఇబ్నున్నఫీస్ యౌవనంలోనే కైరో వెళ్ళిపోయారు. సర్ఖద్ కోటలో కూర్చున్న రచయితకు కైరో వార్తలు తక్కువగా అందేవేమో. ఇది ఊహ మాత్రమే, కాని మొదటి రెండింటికంటె నమ్మదగినది.

అసలు విషయం మరొకటి ఉంది. పద్నాలుగవ శతాబ్దిలో ఉమరీ, సఫదీ ఇద్దరూ ఇబ్నున్నఫీస్‌ను ఘనంగా కీర్తించారు. పుస్తకం చూడకుండా ప్రవాహంలా వ్రాసేవారనీ, స్నానం మధ్యలో బయటకు వచ్చి కాగితం తెప్పించుకుని నాడిని గూర్చి ఒక ప్రబంధం ముగించి, మళ్ళీ స్నానానికి వెళ్ళారనీ చెప్పారు. మూడు వందల సంపుటాలుగా తలపెట్టి ఎనభై పూర్తిచేసిన ‘షామిల్’ను పేర్కొన్నారు. రక్తం ఊపిరితిత్తులలో తిరగడాన్ని గూర్చి మాత్రం ఒక్క మాటా లేదు. పొగిడినవారికి కూడా దేనికి పొగడాలో తెలియలేదు. మన దేశంలోని తిబ్బీ మద్రసాలలో తరతరాల విద్యార్థులు ఆయన ‘మూజజ్’నూ, దానిపై వచ్చిన ‘నఫీసీ’ వ్యాఖ్యానాన్నీ చదివారు. ‘మూజజ్’లో ఆయన శరీరనిర్మాణ భాగాన్ని వదిలివేశారు. అందువల్ల ఆయన పేరు నిత్యం పలికినవారికి ఆయన చెప్పిన గొప్ప విషయం చేరలేదు. 1924లో ముహియుద్దీన్ తతావీ అనే ఈజిప్టు వైద్యుడు, జర్మనీలోని ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయంలో చదువుతూ, బెర్లిన్ గ్రంథాలయపు వ్రాతప్రతిలో ఆ పంక్తులను గుర్తించాడు. అక్షరాల ఆ మాటలు ఆరువందల ఎనభై ఏళ్ళు కాగితంపై అలాగే ఉన్నాయి. మాక్స్ మేయర్‌హాఫ్ పరిశోధనల ద్వారా అది లోకానికి తెలిసింది.

కైరోలో ఇబ్నున్నఫీస్‌కు ఆయన జీవితకాలంలో గౌరవలోపం జరగలేదు. వైద్యాధిపతి అయ్యారు. మస్‌రూరియా మద్రసాలో షాఫయీ ఫిఖ్‌హు బోధించారు. అంత్యకాలంలో మిత్రవైద్యులు మందుగా కొద్దిగా మద్యం తీసుకోమన్నప్పుడు, కడుపులో మద్యంతో అల్లాహ్‌ను కలుసుకోలేనని నిరాకరించారు. హిజ్రీ 687 (క్రీ.శ. 1288)లో మరణించారు. తన ఇంటినీ, తన గ్రంథాలన్నిటినీ నాలుగేళ్ళ క్రితమే తెరవబడిన మన్సూరీ ఆసుపత్రికి వక్ఫ్‌గా వ్రాసిపెట్టి వెళ్ళారు.