హోమ్ థియేటర్ అనుసంధానం: చరిత్ర

హోమ్ థియేటర్ అనుసంధానం అంటే టీవీ లేదా ప్రొజెక్టర్, సెట్‌టాప్ బాక్సు, డిస్క్ ప్లేయర్, యాంప్లిఫయర్, స్పీకర్లు వంటి విడివిడి పరికరాలను తీగలతో కలిపి ఒకే ఏర్పాటుగా పనిచేయించడం. గత యాభై ఏళ్లలో ఈ తీగలు మారిన తీరులో ఒక క్రమం ఉంది. మొదట బొమ్మ, ధ్వని ఒకే తీగలో వచ్చాయి. నాణ్యత కోసం విడిపోయాయి. డిజిటల్ సంకేతాలు వచ్చాక మళ్లీ ఒకే తీగలోకి చేరాయి. తెలుగు రాష్ట్రాల్లోనూ, సూరత్, కడోదరా వంటి వలస ప్రాంతాల్లోనూ ఇళ్లలోని టీవీలు ఈ క్రమంలోనే మారాయి.

ఒకే తీగ కాలం

తెలుగు పల్లెల్లో టీవీకి బయటి పరికరాన్ని పెద్ద ఎత్తున కలిపిన తొలి సందర్భం ‘సైట్’ ఉపగ్రహ ప్రయోగం. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలు అమెరికా ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా నేరుగా కార్యక్రమాలు చూశాయి. సన్నని ఇనుప వలతో చేసిన డిష్, దానికి కన్వర్టర్, ఆ కన్వర్టర్‌కు టీవీ: గొలుసు అంతే. ఈ టీవీ సెట్లను హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ తయారు చేసింది. 860 మెగాహెర్ట్జ్ దగ్గర వచ్చే ఉపగ్రహ సంకేతాన్ని మామూలు టీవీ అందుకోలేదు గనుక మధ్యలో కన్వర్టర్ అవసరమైంది. నేటి సెట్‌టాప్ బాక్సు చేసే పనిలో ఒక భాగం అదే.

1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైంది. 1982లో రంగుల ప్రసారాలు వచ్చాయి. ఆ దశకంలోనే వీసీఆర్ ఇళ్లకు చేరింది. చాలా టీవీలకు యాంటెన్నా రంధ్రం తప్ప వేరే దారి లేదు. అందుకే వీసీఆర్ తన బొమ్మను, ధ్వనిని ఒక చిన్న ప్రసార కేంద్రంలా రేడియో సంకేతంగా మార్చి యాంటెన్నా తీగలోకి పంపేది. టీవీలో ఒక ఖాళీ చానల్‌ను దానికి సరిపడేలా తిప్పుకోవాల్సి వచ్చేది. ఇలా ఒకసారి మార్చి, టీవీలో మళ్లీ విడదీయడంలో బొమ్మ పదును తగ్గేది, ధ్వని ఒకే చానల్‌కు కుదించుకుపోయేది. తొలి తెలుగు 70 ఎం.ఎం. చిత్రం ‘సింహాసనం’ 1986లో ఆరు ట్రాకుల స్టీరియో ధ్వనితో విడుదలైంది. అదే ఏడాది ఇంట్లో క్యాసెట్ వేసుకున్నవారికి టీవీలోని ఒక్క స్పీకరే దిక్కు. ఆ తేడాను తగ్గించాలన్న కోరికే హోమ్ థియేటర్‌కు మూలం.

మూడు రంగుల పిన్నులు

అమెరికాలోని ఆర్‌సీఏ కంపెనీ 20వ శతాబ్ది తొలి సగంలో రేడియోగ్రామ్‌లలోని గ్రామఫోను భాగాన్ని యాంప్లిఫయర్‌కు కలపడానికి ఒక గుండ్రటి పిన్ను తెచ్చింది. వీసీడీ, డీవీడీ ప్లేయర్ల రోజుల్లో అదే మన ఇళ్లలో ‘ఏవీ పిన్ను’ అయింది. పసుపు బొమ్మకు, తెలుపు ఎడమ ధ్వనికి, ఎరుపు కుడి ధ్వనికి. రేడియో సంకేతంగా మార్చే మెట్టు తొలగడంతో బొమ్మ తేటపడింది.

అయినా పసుపు తీగలో వెలుగు సమాచారం, రంగు సమాచారం కలిసే ప్రయాణిస్తాయి. సన్నని గళ్ల చీర తెరపై రంగులు చిందినట్లు కనిపించడానికి కారణం ఇదే. జేవీసీ 1987లో సూపర్ వీహెచ్‌ఎస్‌తో పాటు తెచ్చిన ఎస్-వీడియో ఆ రెండింటినీ విడదీసింది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం పిన్నుల కాంపొనెంట్ తీగలు రంగును కూడా రెండు పాయలు చేశాయి. నాణ్యత పెరిగిన కొద్దీ తీగల సంఖ్యా పెరిగింది.

చుట్టూ ధ్వని

సినిమా హాళ్లలో డాల్బీ డిజిటల్ 1992లో, డీటీఎస్ 1993లో వచ్చాయి. డీవీడీతో 5.1 ధ్వని ఇంటికి చేరింది. ముందు మూడు, పక్కల రెండు స్పీకర్లు, లోతైన శబ్దాలకు ఒక సబ్‌వూఫర్. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సూచన ప్రకారం, వినేవారికి నేరుగా ఎదుట మధ్య స్పీకర్ ఉంటే, ముందరి జంట దానికి అటూ ఇటూ 30 డిగ్రీల కోణంలో, పక్క జంట 100–120 డిగ్రీల మధ్య ఉండాలి.

ఆరు చానళ్లకు ఆరు తీగలు లాగే బదులు తోషిబా 1983లో తెచ్చిన టాస్‌లింక్ అనే కాంతి తీగ పనికొచ్చింది. ధ్వని అందులో కాంతి స్పందనలుగా వెళుతుంది కాబట్టి కరెంటు తీగల హమ్మింగ్ సోకదు. అయితే కుదించిన 5.1 ధ్వనికే అది సరిపోతుంది. బ్లూ-రే డిస్కుల్లోని కోత లేని బహుళ చానళ్ల ధ్వని అందులో పట్టదు.

హెచ్‌డీఎంఐ

సోనీ, పానాసోనిక్, ఫిలిప్స్, తోషిబా సహా ఏడు సంస్థలు కలిసి 2002 డిసెంబర్‌లో హెచ్‌డీఎంఐ తొలి ప్రమాణాన్ని ప్రకటించాయి. 19 పిన్నుల ఈ ఒక్క తీగలో బొమ్మ, బహుళ చానళ్ల ధ్వని, రిమోట్ ఆదేశాలు డిజిటల్ రూపంలో వెళ్తాయి. సెకనుకు 60 ఫ్రేముల 4కే బొమ్మకు వీలిచ్చిన 2013 నాటి 2.0 ప్రమాణం సామర్థ్యం సెకనుకు 18 గిగాబిట్లు. 2017 నాటి 2.1 దాన్ని 48కి పెంచింది.

ధ్వని విషయంలో పెద్ద మలుపు 2009లో 1.4 ప్రమాణంతో వచ్చిన ‘ఆర్క్’. టీవీలోనే పుట్టే ధ్వని అదే తీగలో వెనక్కి తిరిగి యాంప్లిఫయర్‌కో సౌండ్‌బార్‌కో చేరుతుంది. 2.1తో వచ్చిన ‘ఈఆర్క్’ కోత లేని ధ్వనిని కూడా మోస్తుంది. గదిలో ఐదు చోట్లకు తీగలు లాగలేని చిన్న ఇళ్లకు సౌండ్‌బార్ అందుబాటులోకి రావడంలో ఈ తిరుగుదారి పాత్ర ఎక్కువ.

సూరత్, కడోదరా

సూరత్ పవర్‌లూమ్‌లలో పనికి తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగువారిలో పద్మశాలీలు ఎక్కువ. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు కూడా నడుపుతోంది. నగరానికి తూర్పున, జాతీయ రహదారిపై ఉన్న కడోదరా బట్టల మిల్లుల పట్టణం. హైదరాబాద్ దూరదర్శన్ టవర్ ప్రసారం అంత దూరం అందదు. 1995లో మొదలైన జెమినీ, ఈటీవీ వంటి ఉపగ్రహ చానళ్లు ఆ దూరాన్ని చెరిపేశాయి. 2004 డిసెంబర్‌లో దూరదర్శన్ డీటీహెచ్ సేవ మొదలయ్యాక, కరీంనగర్ డాబా మీది చిన్న డిష్‌కు అందే సంకేతమే కడోదరాలోనూ అందింది.

కేబుల్ డిజిటలీకరణ రెండో దశలో హైదరాబాద్, విశాఖపట్నం, సూరత్ ఒకే జాబితాలో ఉన్నాయి. వాటికి గడువు 2013 మార్చి 31. నగర హద్దుకు బయట ఉన్న కడోదరా వంటి ఊళ్లు తర్వాతి దశల్లోకి వచ్చాయి. ఈ మార్పుతో కేబుల్ తీగ నేరుగా టీవీలోకి వెళ్లడం ఆగి, మధ్యలో సెట్‌టాప్ బాక్సు చేరింది. దాంతో బాక్సు నుంచి టీవీకి ఏ తీగ వేయాలన్న ప్రశ్న ప్రతి ఇంటికీ వచ్చింది.

మారని సూత్రాలు

తీగలు మారినా కొన్ని సూత్రాలు మారలేదు. సంకేతం ఎప్పుడూ ఒక పరికరం ‘అవుట్’ నుంచి మరో పరికరం ‘ఇన్’లోకే వెళ్లాలి. ఆర్క్ కావాలంటే ఆ పేరు రాసి ఉన్న హెచ్‌డీఎంఐ రంధ్రాన్నే వాడాలి. స్పీకర్ తీగల్లో ఎరుపు ఎరుపుకు, నలుపు నలుపుకు కలవాలి. ఒక స్పీకర్‌కు తారుమారైతే రెండు స్పీకర్ల లోతైన శబ్దాలు ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. తీగలు కలిపే ముందు అన్ని పరికరాల కరెంటు ఆపాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది: గొలుసులోని బలహీనమైన లంకె దగ్గరే నాణ్యత ఆగిపోతుంది. హెచ్‌డీ బాక్సును 4కే టీవీకి పసుపు పిన్నుతో కలిపితే తెరపై కనిపించేది పాత 625 గీతల బొమ్మే. జీతంలో మిగిల్చి కొన్న టీవీ తన పూర్తి సత్తా చూపడానికి చాలా ఇళ్లలో కావలసింది కొత్త పరికరం కాదు, సరైన రంధ్రంలో సరైన తీగ.