కామెరూన్ కంటే ముందే టెర్మినేటర్ 2 వదిలేసిన మనిషి: బ్రూనో మత్తేయి కథ

టెర్మినేటర్ 2 ఎప్పుడొచ్చిందని అడిగితే సినిమా పిచ్చి ఉన్న ఎవరైనా 1991 అని టక్కున చెప్పేస్తారు. కరెక్టే, జేమ్స్ కామెరూన్ తీసింది 1991లోనే వచ్చింది. కానీ ఇటలీలో అంతకుముందే ఆ పేరుతో ఒక సినిమా వచ్చేసింది. కామెరూన్‌కి గానీ, ష్వార్జ్‌నెగర్‌కి గానీ దాంతో ఏ సంబంధమూ లేదు. ఇంకా కామెడీ ఏంటంటే, పేరు టెర్మినేటర్‌ది, కథ మాత్రం ఏలియన్స్‌ది. వెనిస్ కింద సొరంగాలు, తుపాకులు పట్టుకున్న సైనికులు, మధ్యలో దొరికే ఒక చిన్న పాప, చీకట్లో రాక్షసులు. చివర్లో టైటిల్‌కి న్యాయం చేయాలి కదా, అందుకని టీమ్‌లో ఒకడు రోబో అని తేలుతుంది. బయట దేశాల్లో దీన్ని షాకింగ్ డార్క్ అంటారు. తీసినాయన పేరు బ్రూనో మత్తేయి.

ఈయన 1931లో రోమ్‌లో పుట్టారు. వాళ్ళ నాన్నది ఎడిటింగ్ వ్యాపారం. అంటే చిన్నప్పటి నుంచి ఇంటి చుట్టూ ఫిల్మ్ ముక్కలే. 1950లలోనే ఎడిటింగ్ రూమ్‌లో అసిస్టెంట్‌గా చేరి చాలా ఏళ్ళు అదే పని చేశారు. స్పెయిన్ డైరెక్టర్ జెస్ ఫ్రాంకో తీసిన కౌంట్ డ్రాక్యులా లాంటి సినిమాలకు కత్తెర వేసింది ఈయనే. 1970లో సొంతంగా డైరెక్షన్ మొదలుపెట్టారు. ఈ ఎడిటర్ అన్న ముక్క గుర్తుపెట్టుకోండి, ఆయన తర్వాత చేసిందంతా దాన్నుంచే వస్తుంది. డైరెక్టర్‌కి సీన్ లేకపోతే వెళ్ళి షూట్ చేసుకొస్తాడు. ఎడిటర్‌కి సీన్ లేకపోతే బీరువా తెరిచి, వేరే సినిమా రీల్ ఏముందా అని వెతుకుతాడు.

అప్పటి ఇటలీలో సిస్టమే అలా ఉండేది. అమెరికాలో ఏది హిట్ అయితే ఆరు నెలల్లో దాని తమ్ముడు రోమ్‌లో పుట్టేవాడు. పోస్టర్ మీద ఇంగ్లీష్ పేర్లు పెట్టుకోవడం కూడా మామూలే. సెర్జియో లియోనే అంతటివాడు 1964లో ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్‌కి బాబ్ రాబర్ట్‌సన్ అని వేసుకున్నాడు. ఆ ఇటలీ కౌబాయ్ గాలి మన దాకా వచ్చింది, 1971లో కృష్ణ గారి మోసగాళ్ళకు మోసగాడు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మత్తేయికి మాత్రం ఒక్క దొంగపేరు సరిపోలేదు. విన్సెంట్ డాన్, స్టెఫాన్ ఒబ్లోవ్‌స్కీ, జోర్డాన్ బి. మాథ్యూస్, విలియం స్నైడర్... లిస్ట్ చాలా పెద్దది.

డబ్బు మిగల్చడంలో ఆయనకి ఇంకో ట్రిక్ ఉంది. ఒకే పెళ్ళి పందిట్లో రెండు పెళ్ళిళ్ళు. 1980లో తన పార్ట్‌నర్ క్లాడియో ఫ్రగాస్సోతో కలిసి, అదే లొకేషన్, దాదాపు అదే నటీనటులతో రెండు నన్ సినిమాలు ఒకేసారి తీసేశారు. తర్వాత జైలు సినిమాలు రెండు, వెస్టర్న్‌లు రెండు కూడా అలాగే. 1977లో నాజీల మీద తీసినవి కూడా ఇలాంటి జంటే. నిజంగా లక్షల మంది చచ్చిపోయిన దారుణాన్ని మసాలా కోసం వాడుకున్న సినిమాలు అవి. వాటి గురించి సరదాగా మాట్లాడాలని నాకు లేదు.

అసలు మాట్లాడాల్సింది 1980లో వచ్చిన హెల్ ఆఫ్ ది లివింగ్ డెడ్ గురించి. రొమెరో తీసిన డాన్ ఆఫ్ ది డెడ్ ఇటలీలో బాగా ఆడేసరికి నిర్మాతలకి జాంబీలు కావాల్సొచ్చాయి. కథ జరిగేది పపువా న్యూగినీలో, షూటింగ్ మాత్రం స్పెయిన్‌లో. మ్యూజిక్ ఎక్కడిది? డాన్ ఆఫ్ ది డెడ్‌కి గాబ్లిన్ బ్యాండ్ ఇచ్చిన ట్యూన్లనే మళ్ళీ వాడేశారు. మరి న్యూగినీ అడవులు, తెగల జనం? బార్బెట్ ష్రోడర్ 1972లో తీసిన లా వల్లే నుంచి ముక్కలు తెచ్చి అతికించారు. పింక్ ఫ్లాయిడ్ మ్యూజిక్ ఇచ్చిన సినిమా అది. అందుకే ఇందులో హీరోయిన్ ఒక షాట్‌లో స్పెయిన్ చెట్ల మధ్య ఉంటుంది, పక్క షాట్‌లో ఆవిడని చూస్తున్న జనం ఎనిమిదేళ్ళ కిందట వేరే కెమెరా ముందు నిలబడ్డవాళ్ళు. రంగు కలవదు, వెలుతురు కలవదు.

చాలామంది ఈ అతుకుల బొంతని చూసి నవ్వుకుంటారు. నాకు నవ్వొచ్చింది కానీ మధ్యలో ఆగిపోయింది. ఎందుకంటే ఈ సినిమా కథలో ఒక పెద్ద మాట ఉంది. పేద దేశాల్లో జనాభా తగ్గించడానికి ధనిక దేశాలు రహస్యంగా ఒక ప్రయోగం చేస్తాయి, అది లీకై చచ్చినవాళ్ళు లేచి బతికున్నవాళ్ళని తింటారు. 1980లో, ఒక చౌక జాంబీ సినిమాలో, ఇది చిన్న ఆలోచన కాదు. కానీ ఆ మాట చెప్పడానికి వాళ్ళు ఏం చేశారు? నిజమైన న్యూగినీ మనుషుల మొహాలు, ఆచారాలు ఉన్న ఫుటేజ్ తెచ్చి, జాంబీల పక్కన, ప్రేక్షకుడిని భయపెట్టే సరుకుగా పెట్టారు. పేద దేశాల్ని వాడుకుంటున్నారని తిట్టే సినిమా, పేద దేశం మనుషుల్ని ఉచితంగా వాడేసుకుంది. ష్రోడర్ దగ్గర కొట్టేశారన్న దాని మీద అందరూ జోకులేస్తారు. ఆ తెగలవాళ్ళ సంగతి ఎవరూ ఎత్తరు.

నేను జాబ్‌లో ఉన్నప్పుడు, స్టాక్ ఓవర్‌ఫ్లో నుంచి కోడ్ తెచ్చి పేస్ట్ చేయడం రోజూ చూసేవాణ్ణి. కోడ్ రన్ అయితే చాలు, రాసిందెవరో ఎవరికీ పట్టదు. కానీ కోడ్‌కి మొహం ఉండదు కదా.

తర్వాత కట్ చేస్తే, ఇటలీ సినిమానే కూలిపోతోంది. 1976లో ప్రైవేట్ టీవీకి దారి తెరుచుకుంది. 1970ల మధ్యలో ఏడాదికి 50 కోట్లకు పైగా టికెట్లు తెగిన దేశంలో, 1985కల్లా 13 కోట్లు కూడా తెగలేదు. ఇక మిగిలింది విదేశీ వీడియో క్యాసెట్ మార్కెట్. మత్తేయి ఫిలిప్పీన్స్ వెళ్ళిపోయారు. అక్కడ ఖర్చు తక్కువ, అపోకలిప్స్ నౌ తీసిన అడవులూ అవే. రాంబో పోలికలతో స్ట్రైక్ కమాండో, ప్రిడేటర్ పోలికలతో రోబోవార్. 1988లో లూచియో ఫుల్చి జాంబీ 3ని మధ్యలో వదిలేసి వెళ్ళిపోతే, మిగతాది పూర్తి చేసింది కూడా మత్తేయి, ఫ్రగాస్సోలే. డైరెక్టర్‌గా టైటిల్స్‌లో పడింది ఫుల్చి పేరు.

1995లో క్రూయెల్ జాస్ వచ్చింది. ఇది అసలు పీక్. ఎంజో కాస్తెల్లారి 1981లో ది లాస్ట్ షార్క్ తీస్తే, జాస్‌కి కాపీ అని యూనివర్సల్ వాళ్ళు అమెరికాలో కోర్టుకెళ్ళి దాన్ని థియేటర్ల నుంచి తీయించేశారు. మత్తేయి ఆ కాపీలోంచి షార్క్ సీన్లు తీసుకున్నారు, జో డమాటో సినిమాలోంచి కొన్ని తీసుకున్నారు, చాలదన్నట్టు అసలు జాస్‌లోంచి కూడా తీసుకున్నారు. షార్క్ సైజు షాట్ షాట్‌కీ మారిపోతుంటుంది.

2000ల తర్వాత చిన్న డిజిటల్ కెమెరాలతో మళ్ళీ ఫిలిప్పీన్స్. అప్పటికి ఆయనకి 70 దాటాయి. చివరి సినిమాల్లో ఒకటైన జాంబీస్: ది బిగినింగ్‌లో కూడా ఏలియన్స్ కథే, ఈసారి జాంబీలతో. 2007 మే 21న, 75 ఏళ్ళ వయసులో చనిపోయారు. ఇప్పుడు అమెరికాలో సెవెరిన్ అనే కంపెనీ షాకింగ్ డార్క్‌ని, క్రూయెల్ జాస్‌ని పద్ధతిగా బ్లూరేలో వేసి అమ్ముతోంది.

మొదటిసారి చూసేవాళ్ళు 1984లో తీసిన రాట్స్: నైట్ ఆఫ్ టెర్రర్‌తో స్టార్ట్ చేయండి. దాని ఆఖరి షాట్ ఏంటో నేను చెప్పను, వికీపీడియాలో కూడా చదవకండి. నెక్స్ట్ ఎపిసోడ్ జో డమాటో మీద, ఆయన దొంగపేర్ల లిస్ట్ దీనికంటే పెద్దది.